వెనక్కి కట్టుకున్న చేతులు

తొగాషి షిహోకి ఆ పొద్దున అన్నం ముద్ద గొంతు దిగలేదు. లోపల పెట్టిన ఉమెబోషి ఊరగాయ పులుపు నాలుకకి తగిలిందే తప్ప, ముద్ద మాత్రం పోనని మొండికేసింది. ఆ రోజు నాలుగో పీరియడ్‌లో ఆమె పరీక్ష పాఠం. ఎదురుగా ముప్పై మంది నాలుగో తరగతి పిల్లలు, వెనక గోడ వారగా హెడ్‌మాస్టరు, యూనివర్సిటీ నుంచి హిరోసె ప్రొఫెసరు, ఆమెతో పాటు ఆ బళ్లో శిక్షణకి వచ్చిన నీమురా. పాఠం చెప్పడమంటే ఆమెకి భయం లేదు. భయమంతా టీచరు బల్ల మీద మూత తెరుచుకుని కూర్చునే ఆ కంప్యూటరంటేనే.

ఇరవై రెండేళ్ల పిల్లకి కంప్యూటరంటే భయమా అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఫోనిస్తే ఒక్క బొటనవేలితో, రైల్లో నిలబడి, పక్కవాళ్లతో మాట్లాడుతూనే పేజీలకి పేజీలు రాసేస్తుంది. ఆ వయసు వాళ్లంతా అంతే, ఫోనుతో పెరిగారు. కీబోర్డు ముందు కూర్చోబెడితే మాత్రం రెండు చూపుడు వేళ్లతో, కోడి గింజలేరుకున్నట్టు ఏరుకోవాలి. తలెత్తి తెర వైపు చూసిందంటే అక్షరం ఎక్కడుందో మర్చిపోతుంది. నాలుగో తరగతి వెధవాయిలేమో పది వేళ్లతో టకటకలాడిస్తారు.

"సెన్సే, మీరు ఆ వాక్యం కొట్టేలోపు మధ్యాహ్నం భోజనం వచ్చేస్తుంది," అన్నాడు రికుతో అనే పిల్లాడు మొదటి రోజే. ముందు బెంచీ. సెన్సే అని టీచరుని పిలవడమే గానీ, నోటికి తాళం లేదు.

"వస్తే నీ వాటా కూడా నేనే తింటాను," అని నవ్వేసింది షిహో. లోపల మాత్రం ముచ్చెమటలు పట్టాయి.

నవ్వు ఆ వారంలోనే ఆవిరైపోయింది. పిల్లలు తమ ట్యాబ్లెట్లలో రాసినవన్నీ టీచరు కంప్యూటర్లో ఒక్క బటన్ నొక్కితే పెద్ద తెర మీదికి వస్తాయి. ఆ బటన్ మీద "సేకరించు" అని ఉంటుంది. దాని పక్కనే, ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, అదే సైజులో, అదే రంగులో "ఖాళీ చెయ్యి" అని ఇంకోటి. మొదటి పరీక్ష పాఠంలో, ప్రొఫెసరు వెనక కూర్చుని చూస్తుండగానే, షిహో రెండోది నొక్కింది. నిజంగా ఖాళీ చెయ్యాలా అని మెషిన్ అడిగింది కూడా. కంగారులో చదవకుండా సరే కొట్టింది. ముప్పై మంది అరగంట కష్టం గాల్లో కలిసిపోయింది. ఇద్దరు ఏడ్చారు. షిహో చెయ్యి మౌస్ మీదే బిగుసుకుపోయింది. నీమురా వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, "జరుగు తొగాషీ, ఇటివ్వు," అని మౌస్ లాక్కుని, పోయినవాటిలో సగం వెనక్కి తెచ్చి, ఆ ఊపులో పాఠం కూడా తనే ముగించాడు. మంచివాడే, సాయమే చేశాడు. కానీ ఆ సాయంతోనే షిహో కొంప మునిగింది.

"ఇవాళ పాఠం చెప్పింది నీమురా. మార్కులు నీకెలా వెయ్యమంటావు?" అన్నాడు హిరోసె ప్రొఫెసరు, కళ్లజోడు తుడుచుకుంటూ. "చివరి వారం ఇంకొక్క అవకాశమిస్తాను. మొదటి నుంచి చివరిదాకా నీ చెయ్యే ఉండాలి. ఇంకొకరి చెయ్యి పడిందా, నేను ముద్ర వెయ్యను."

ఆ ముద్ర పడకపోతే శిక్షణ లెక్కలోకి రాదు. శిక్షణ లేకపోతే లైసెన్సు లేదు. రెండో తరగతిలో బొమ్మలకి హాజరు పిలిచిన నాటి నుంచీ టీచరు తప్ప ఇంకేమీ అవ్వాలనుకోని మనిషికి అది ఎలాంటి మాటో వేరే చెప్పక్కర్లేదు.

అప్పట్నుంచి ఆమె బాధ్యత చేతిలోకి తీసుకుంది ఒకుదా సెన్సే. ఆ క్లాసుకి అసలు టీచరు ఆమే. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఆమెది వింత పద్ధతి. పిల్లలు ఇళ్లకి పోయాక షిహోని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తను పక్కన నిలబడి, రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకునేది. అంతే, ఇక ఆ చేతులు ముందుకొచ్చేవి కావు.

"సెన్సే, ఇది బిగుసుకుపోయింది."

"ఊఁ. బిగుసుకుపోతే ఏం చేస్తావ్?"

"తెలీదు."

"తెలీనప్పుడు ఏం చేస్తావ్?"

"మీకు తెలుసుగా సెన్సే!"

"నా సంగతి కాదు అడిగింది."

ఒక సాయంత్రం షిహోకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒక్కసారి మీరు చేసి చూపిస్తే మీ సొమ్మేం పోతుంది?" అని అరిచేసింది. అరిచాక నాలుక్కరుచుకుంది.

ఒకుదా సెన్సే కోప్పడలేదు. "చేసి చూపిస్తే నాకు వచ్చని నీకు తెలుస్తుంది. అది నీకిప్పటికే తెలుసు కదమ్మాయ్. ఊఁ, ఇప్పుడు ఇందాక రాసిందంతా పోగొట్టు."

"పోగొట్టాలా?"

"ఆ ఖాళీ చెయ్యి బటన్ నొక్కు. పోగొట్టి మళ్లీ తెచ్చుకో. పోతే ఎలా తెచ్చుకోవాలో తెలిస్తే భయం దానంతటదే పోతుంది."

అలా రోజూ పోగొట్టడం, తెచ్చుకోవడం. రెండు వారాలకి షిహో వేళ్ల వణుకు తగ్గింది గానీ తలెత్తి తెర చూడకుండా కొట్టే అలవాటు మాత్రం పోలేదు.

పరీక్ష రోజు పొద్దున ఆమె క్లాసుకి వెళ్లేసరికి ఒకుదా సెన్సే ఆ కంప్యూటర్ మీదే ఏదో కొడుతోంది. నెలనెలా జరిగే భూకంపం డ్రిల్ గురించి తల్లిదండ్రులకి నోటీసు. పని ముగించి లేచింది. "ఇక నీదే," అంది. కిటికీల మీద వర్షాకాలం చినుకులు ధారలు కడుతున్నాయి.

ఇక్కడ జిషిన్ అనే మాట సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ శబ్దంతో రెండు మాటలున్నాయి. ఒకటి తన మీద తనకుండే నమ్మకం. రెండోది భూకంపం. పలికితే ఒకేలా ఉంటాయి, రాస్తే వేరు. కంప్యూటర్లో శబ్దం కొట్టి స్పేస్ నొక్కితే అది ఒక రాత చూపిస్తుంది, కాదంటే మళ్లీ నొక్కితే ఇంకోటి. నిన్నమొన్న ఏది ఎక్కువ వాడారో దాన్ని ముందు పెడుతుంది. షిహో పాఠం పేరు "జిషిన్ కలిగిన రోజు". ఎవరికి వాళ్లు, నేను చేయగలననిపించిన ఒక రోజు గురించి రాయాలి.

ఆ క్లాసులో భూకంపం అనే మాట మామూలు మాట కాదు. కిటికీ పక్క మూడో వరసలో కూర్చునే కొతొనె, సముద్రం ఒడ్డునుండే నోతో అనే ప్రాంతం నుంచి కిందటేడు వచ్చింది. కొత్త సంవత్సరం రోజున వాళ్ల ఊరు ఊగిపోయాక ఇల్లు మిగల్లేదు, ఇప్పుడు పిన్ని ఇంట్లో ఉంటోంది. మాట తక్కువ. ఆ పిల్ల ముందు ఆ మాట ఎత్తొద్దని స్టాఫ్ రూమ్‌లో షిహోకి మొదటి రోజే చెప్పారు. డ్రిల్ జరిగే రోజు ఆ పిల్లని నర్సు గదిలో కూర్చోబెట్టడం కూడా అలవాటైపోయింది.

పాఠం బాగానే మొదలైంది. షిహో తన సంగతే చెప్పింది, చిన్నప్పుడు ఈత రాక కొలనులో గోడ పట్టుకుని వేలాడిన కథ. పిల్లలు పడిపడి నవ్వారు. గోడ వదిలేసిన రోజు గురించి చెప్తే నిశ్శబ్దంగా విన్నారు. హెడ్‌మాస్టరు తల ఊపాడు. "ఇప్పుడు మీరు రాయాలి. పేరు పెద్ద తెర మీద పెడతాను," అని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒకుదా సెన్సే పక్క గోడ దగ్గర నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంది.

షిహో తల వంచుకుని ఒక్కో అక్షరం ఏరి కొట్టింది. స్పేస్. ఎంటర్. మిగతా మాటలు. మళ్లీ ఎంటర్. అమ్మయ్య అనుకుని తలెత్తేలోపే రికుతో గొంతు ఖంగుమంది.

"సెన్సే! భూకంపం వచ్చిన రోజు అని ఉంది!"

షిహో తెర వైపు చూసింది. నిలువెత్తు అక్షరాల్లో అదే ఉంది. పై ప్రాణాలు పైనే పోయాయి.

క్లాసంతా గొల్లున నవ్వింది. "బల్లల కిందికి! బల్లల కిందికి!" అని రికుతో అరిచి తన బల్ల కింద దూరాడు. ఇంకేముంది, నెలనెలా చేసే పనేగా, ముప్పై మందీ కుర్చీలు కిరకిరలాడించుకుంటూ దూరిపోయారు. బల్ల కాళ్లు పట్టుకుని కిచకిచ నవ్వులు. నిమిషంలో ఒక్కొక్కరే బయటికొచ్చి సీట్లలో కూర్చున్నారు. కొతొనె రాలేదు.

బల్ల కాళ్లు రెండు చేతులా పట్టుకుని, తల మోకాళ్లలో పెట్టుకుని ఉండిపోయింది. పక్క పిల్ల ముందు చూసింది, తర్వాత వెనకవాళ్లు, తర్వాత అందరూ. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎవరు నవ్వడం మొదలెట్టారా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. రికుతో మొహం పాలిపోయింది.

నీమురా అప్పటికే వెనక నుంచి బయల్దేరాడు. నాలుగంగల్లో బల్ల దగ్గరికొచ్చి మౌస్ మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు!" అంది షిహో. గొంతు తనదేనా అనిపించింది.

"తొగాషీ, ఆ పిల్లని చూడు. ముందు ఆ మాట తీసెయ్యాలి కదా," అన్నాడు నీమురా గుసగుసగా. అతను చెప్పింది నిజమే. ఇక్కడ పరువు పోతోంది, పోతే పోనీ, కానీ అక్కడో పిల్ల బల్ల కింద వణుకుతోంది. ఒకుదా సెన్సే వైపు చూసింది. ఆ మనిషి కదలలేదు. కళ్లు మాత్రం షిహో మీదే ఉన్నాయి.

"తెలుసు. నేనే తీస్తాను. నువ్వెళ్లి కూర్చో."

నీమురా చెయ్యి గాల్లోనే ఆగి, వెనక్కి పోయింది. షిహో మాటని ఎంచుకుని చెరిపే మీట మీద వేలు పెట్టింది.

"చెరపకండి."

చాలా చిన్న గొంతు. మూడో వరసలో, బల్ల కింద నుంచి.

షిహో కంప్యూటర్ వదిలేసి వెళ్లి, లంగా నలిగిపోతుందని కూడా చూసుకోకుండా, పక్క బల్ల కింద దూరి కూర్చుంది. "ఏంటమ్మా?" అంది.

"ఆ మాట. అందరూ చెరిపేస్తారు. నేను రాగానే మాట్లాడ్డం ఆపేస్తారు. డ్రిల్ రోజు నన్ను నర్సు గదిలో పెడతారు, నాకు వినపడదనుకుంటారు." కొతొనె ఇంకా మోకాళ్లతోనే మాట్లాడుతోంది.

"వాళ్లు నవ్వారని బాధేసిందా?"

"నవ్వినందుకు కాదు. నా కాళ్లు వాటంతటవే కిందికొచ్చేశాయి. ఇప్పుడు పైకి రానంటున్నాయి."

"రానంటే రానియ్యకు. తొందరేముంది."

కాసేపటికి ఆ పిల్ల తల ఎత్తింది. "నేను దాని మీదే రాయొచ్చా? తెర మీద ఎలా ఉందో అలాగే?"

"రాయి," అంది షిహో. బల్ల మీది ట్యాబ్లెట్, దాని కీబోర్డు కిందికి దించి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. బయటికొచ్చి నిలబడింది. వెనక ప్రొఫెసరు గడియారం చూసుకోవడం కనిపించింది.

"ఆ మాట నా తప్పు," అంది క్లాసుతో. "నేను కొట్టాలనుకున్నది ఇంకో జిషిన్. కానీ చెరపను. రెండూ పెడతాను. ఎవరికి ఏ జిషిన్ గురించి రాయాలనుంటే దాని గురించి రాయండి. బల్ల కింద కూర్చుని రాస్తామన్నా నాకేం అభ్యంతరం లేదు."

కంప్యూటర్ దగ్గరికెళ్లి రెండో వరస కొట్టింది. స్పేస్ నొక్కింది, తలెత్తి చూసింది. భూకంపం. ఇంకోసారి నొక్కింది. నమ్మకం. అప్పుడు ఎంటర్ కొట్టింది.

మొదట బల్ల కింద దూరింది రికుతోనే. ఈసారి అరవలేదు. ట్యాబ్లెట్ చంకలో పెట్టుకుని మెల్లగా దూరాడు. వాడి వెనక ఇంకొకరు, ఇంకొకరు. క్లాసులో కుర్చీలన్నీ ఖాళీ, కింద టకటకలు. హెడ్‌మాస్టరు వంగి చూసి మళ్లీ నిలబడ్డాడు. ప్రొఫెసరు ఏదో రాసుకున్నాడు. ఏం రాసుంటాడో ఊహించుకునే ధైర్యం కూడా షిహోకి లేదు.

పిల్లలొక్కొక్కరే రాయడం ముగించారు. కొతొనె మిగిలింది. షిహో మళ్లీ వెళ్లి పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఒక్క వేలితో కొడుతోంది. ఒక అక్షరం కొట్టడం, చూడ్డం, తర్వాతది వెతుక్కోవడం. ఒక మాట తప్పుగా వస్తే పూర్తిగా చెరిపి మొదట్నుంచి కొట్టింది. గంట ఇప్పుడో ఇంకాసేపట్లోనో మోగుతుంది. పిల్లలు రాసినవి తెర మీద పెట్టి, మాట్లాడించి, ముగింపు చెప్పాలి, పాఠం అంటే అది. ఇంకా ఏదీ కాలేదు. కొతొనె వేలు కీబోర్డు మీద గాల్లో తిరుగుతోంది, కావాల్సిన అక్షరం కిందే ఉంది, వేలెడు దూరంలో. షిహోకి కనిపిస్తోంది. తను కొట్టేస్తే ఈ నాలుగు మాటలూ ఎంతలో అవుతాయి!

చెయ్యి దానంతటదే ముందుకి పోయింది. సగంలో చూసుకుంది. ఆ చెయ్యి నీమురా చెయ్యిలా ఉంది.

వెనక్కి లాక్కుని, రెండో చేత్తో కలిపి, వీపు వెనక గట్టిగా పట్టుకుంది. బల్ల కాళ్ల సందుల్లోంచి అవతల గోడ దగ్గర ఒకుదా సెన్సే కనిపించింది. అటు తిరిగి, వరండా వైపు చూస్తున్నట్టు నిలబడింది. వెనక్కి కట్టుకున్న చేతులు కింద నుంచి షిహోకి సూటిగా కనిపిస్తున్నాయి. అవి తాపీగా ఉన్న చేతులు కావు. ఒకదాన్నొకటి పట్టుకుని, నరాలు తేలి, వేళ్ల కణుపులు తెల్లబడిపోయి ఉన్నాయి. ఇన్ని రోజులూ ఆ మనిషి నిమ్మకు నీరెత్తినట్టు నిలబడిందనుకుంది షిహో. సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

గంట మోగింది. ఒక్కరూ కదల్లేదు.

"అయిపోయింది," అంది కొతొనె.

షిహో లేచి కంప్యూటర్ దగ్గరికెళ్లింది. సేకరించు, ఖాళీ చెయ్యి. పక్కపక్కనే, అదే సైజు, అదే రంగు. ఇది పోతే ఎలా తెచ్చుకోవాలో తెలుసు. కానీ ఆ పిల్ల కళ్ల ముందు ఆ మాటలు ఇంకోసారి చెరిగిపోకూడదు, ఒక్క క్షణం కూడా. మౌస్ జరిపి, మాట చదివింది. మళ్లీ చదివింది. నొక్కింది. నిజంగా సేకరించాలా అని అడిగింది మెషిన్. అది కూడా చివరిదాకా చదివి, సరే అంది.

తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. తర్వాత ఒక మూల ఒక కార్డు, ఇంకో మూల ఇంకోటి, చూస్తుండగానే తెర నిండిపోయింది. స్కిప్పింగు, సైకిలు, కుక్కపిల్లకి స్నానం, తమ మీద తమకి నమ్మకం కలిగిన రోజులు. అట్టడుగున ఒక్కటి మాత్రం మొదటి పేరు కింద వచ్చింది.

"భూకంపం వచ్చిన రోజు. తమ్ముణ్ణి వీపున వేసుకుని గుట్ట ఎక్కాను. దారిలో దింపలేదు. బరువని చెప్పలేదు."

రికుతో బల్ల కింద నుంచి తల బయట పెట్టి, "అప్పుడు నువ్వు ఏ క్లాసు?" అన్నాడు.

"రెండు."

"వాడు బరువా?"

"చాలా. పైగా ఏడుస్తూ కాళ్లతో తన్నాడు."

"నేనైతే దింపేసేవాణ్ణి," అన్నాడు రికుతో. వాడు అబద్ధమాడలేదు. కొతొనె పక్కున నవ్వింది. నవ్వుతూనే బల్ల కింద నుంచి బయటికొచ్చింది.

పిల్లలు భోజనాల బండి తేవడానికి పరిగెత్తాక, వరండాలో హిరోసె ప్రొఫెసరు షిహోని నిలబెట్టాడు. "పాఠం పేరే తప్పు. చర్చ లేదు, ముగింపు లేదు. గంట దాటింది."

"అవునండీ."

"నీమురా చెయ్యి మౌస్ దాకా వచ్చింది."

"వచ్చిందండీ. పడలేదు."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. జేబులోంచి చిన్న డబ్బా తీసి, కిటికీ గట్టు మీద కాగితం పెట్టి, ఎర్ర సిరాలో అద్ది ముద్ర వేశాడు. "ముగింపు చెప్పడం నేర్చుకో," అని వెళ్లిపోయాడు. షిహో ఆ ఎర్ర చుక్కని తడి ఆరేదాకా చూస్తూ నిలబడింది.

ఒకుదా సెన్సే పక్కకొచ్చి నిలబడింది. "పొద్దున ఆ మాట మెషిన్‌కి నేర్పింది నేనే, నోటీసు కొట్టి. తెర మీద చూడగానే తెలిసింది. అక్కడికొచ్చి తీసేద్దామని ఎంతనిపించిందో నీకు తెలీదమ్మాయ్." రెండు అరచేతులూ తెరిచి చూపించింది. గోళ్లు దిగిన గాట్లు, ఎర్రగా, నెలవంకల్లా. "రెండు వారాలుగా ఇదే వరస. నీ పక్కన నిలబడితే నా చేతులకి ఇదే గతి."

షిహో తన చేతులు తిప్పి చూసుకుంది. కుడి అరచేతిలో నాలుగు గాట్లు, బల్ల కింద పడినవి, ఇంకా మండుతున్నాయి. ఆ చెయ్యి ఆమె ముందు చాపింది.

ఒకుదా సెన్సే వంగి, కళ్లజోడు పైకెత్తి, వాటిని చూసింది. "ఊఁ," అంది. తర్వాత ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. ఇన్ని రోజుల్లో ఆ చేతులు షిహో చేతి దాకా రావడం అదే మొదటిసారి. "పద, సూప్ చల్లారిపోతుంది."